డాష్‌క్యామ్ కొనేటప్పుడు నిజంగా చూడాల్సినవి ఏవి?

కొత్తస్టీరింగ్

అందరికీ నమస్కారం. కారు కొని కొన్ని నెలలైంది, ఇప్పుడు డాష్‌క్యామ్ (దారిని రికార్డు చేస్తూ ఉండే చిన్న కెమెరా) పెట్టించాలనుకుంటున్నాను. నా వాడకం ఇదీ: రోజూ ఆఫీసుకు వెళ్లి రావడం, అప్పుడప్పుడు రాత్రిపూట హైవే మీద దూర ప్రయాణం. పగలంతా కారు ఎండలోనే ఉంటుంది, షెడ్డు లేదు.

ఏ కెమెరా చూసినా పెట్టె మీద 4కె అనే ఉంది. ఒకదానికి ఇంకోదానికి ధరలో చాలా తేడా, రాసిన మాటలు మాత్రం అవే. ముందు కెమెరా ఒక్కటి సరిపోతుందా, వెనకది కూడా కావాలా? ఆపి ఉంచిన కారులో కూడా రికార్డు చేసే పార్కింగ్ మోడ్ పెడితే కారు బ్యాటరీ దిగిపోతుందని ఒకరు, అలాంటిదేం లేదని ఇంకొకరు అంటున్నారు. ఏది నమ్మాలో తేలడం లేదు. వాడుతున్నవాళ్లు, వైరింగ్ పని చేసేవాళ్లు కాస్త వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

సోల్డర్‌గన్

కొత్తస్టీరింగ్ గారూ, మీ పోస్టులో నాకు ముందుగా కనిపించిన మాట "పగలంతా ఎండలో". ఎంపిక అక్కణ్నుంచే మొదలవ్వాలి. 4కె సంగతి తర్వాత.

ఎండలో అద్దాలన్నీ మూసి ఉంచిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే. ముందు అద్దానికి అతుక్కుని ఉన్న నల్లటి కెమెరా ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. దాని లోపల లిథియం బ్యాటరీ ఉంటే ఆ వేడికి త్వరగా పాడవుతుంది, ఉబ్బుతుంది కూడా. నేను రిపేరుకు విప్పిన కెమెరాల్లో బ్యాటరీ ఉబ్బి మూతను పైకి లేపేసినవి చాలానే ఉన్నాయి. తెచ్చినవాళ్లు మాత్రం "దానంతటదే ఆగిపోతోంది", "తేదీ మారిపోతోంది" అని చెబుతారు.

అసలు డాష్‌క్యామ్‌కి లోపల బ్యాటరీ ఎందుకంటే, కరెంటు ఆగిపోయిన క్షణంలో రాస్తున్న ఫైలును సరిగ్గా మూసేయడానికి. దానికి కొన్ని సెకన్లు చాలు. కరెంటును కొద్దిసేపు దాచుకునే సూపర్ కెపాసిటర్ కూడా ఆ పని చేస్తుంది, వేడిని బ్యాటరీ కన్నా బాగా ఓర్చుకుంటుంది. పెద్ద యాక్సిడెంట్‌లో వైరు తెగినా, సాకెట్ ఊడినా, కెమెరాకు కరెంటు పోతుంది. మనకు కావాల్సిన ఫైలు సరిగ్గా అదే. ఆ ఫైలు మూయకుండా ఉండిపోతే కార్డులో ఉన్నా తెరుచుకోదు.

కాబట్టి స్పెసిఫికేషన్లలో మొదట "కెపాసిటర్" అనే మాట వెతకండి. తర్వాత, పనిచేసే ఉష్ణోగ్రత ఎంతవరకో చూడండి. 65, 70 డిగ్రీలు అని ఉంటే మంచిది. ఈ రెండూ ఎక్కడా రాయని కెమెరాను మీ వాడకానికి నేను సిఫార్సు చేయను, ఎంత 4కె అయినా సరే.

లెన్స్‌మూత

సోల్డర్‌గన్ గారు చెప్పిన వరస సరైనది. అయినా 4కె సంగతి కూడా తేల్చేద్దాం. కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది అక్కడే.

4కె అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 పిక్సెళ్లు. గుణిస్తే దాదాపు 83 లక్షలు. అంటే బొమ్మను పట్టే లోపలి సెన్సర్ కనీసం 8 మెగాపిక్సెళ్లది అయి ఉండాలి. కొన్ని చవక కెమెరాలు 2 మెగాపిక్సెళ్ల సెన్సర్ పెట్టి, అది తీసిన బొమ్మను సాగదీసి 4కె ఫైలుగా రాస్తాయి. ఫైలు సైజు పెరుగుతుంది, వివరం పెరగదు. దీన్ని పట్టుకోవడానికి సెన్సర్ మోడల్ నంబరు అడిగితే చాలు. సోనీ ఐఎంఎక్స్307 అంటే 2 మెగాపిక్సెళ్లు. ఐఎంఎక్స్335 అంటే 5. ఐఎంఎక్స్415, ఐఎంఎక్స్678 అంటే 8. లోపల 307 ఉండి పైన 4కె అని రాస్తే అది అబద్ధం. సెన్సర్ పేరే చెప్పని కెమెరా జోలికి వెళ్లకండి.

అసలైన 4కె కెమెరాలన్నీ ఒకటి కావు. 415లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 1.45 మైక్రాన్లు, 678లో 2 మైక్రాన్లు. విస్తీర్ణంలో ఇది దాదాపు రెట్టింపు, అంటే ఒక్కో పిక్సెల్ మీద పడే వెలుతురు కూడా అంతే. 678 సోనీ తక్కువ వెలుతురు సెన్సర్లలో స్టార్విస్ 2 అనే తరానిది. రాత్రి ప్రయాణాలు చేసేవాళ్లు ఈ తరం సెన్సర్ చూసుకోవడం మంచిది. 4కె అక్కర్లేదు అనుకుంటే అదే తరంలో 5 మెగాపిక్సెళ్ల ఐఎంఎక్స్675 ఉంది, వియోఫో కంపెనీ ఏ119 మినీ 2 కెమెరాలో వాడినది అదే. నా లెక్కలో ఒక మామూలు 4కె కెమెరా కన్నా ఇలాంటి 1440పి (నిలువుగా 1440 పిక్సెళ్ల) కెమెరా రాత్రిపూట ఎక్కువ పనికొస్తుంది.

ఇంకొకటి, లెన్స్ కోణం. 170 డిగ్రీలు అని గొప్పగా రాస్తారు. అది చాలాసార్లు మూల నుంచి మూలకు కొలిచినది, అడ్డంగా అంత ఉండదు. పైగా కోణం పెరిగేకొద్దీ దూరంలో ఉన్నవన్నీ చిన్నవైపోతాయి. ఒక లెక్క చూడండి. అడ్డంగా 140 డిగ్రీలను 3840 పిక్సెళ్లు పంచుకుంటే డిగ్రీకి 27 వస్తాయి. 50 సెంటీమీటర్ల నంబర్ ప్లేటు 10 మీటర్ల దూరంలో మూడు డిగ్రీల కన్నా కాస్త తక్కువ చోటు తీసుకుంటుంది, అంటే ప్లేటు మొత్తానికి 80 పిక్సెళ్ల లోపే. దాని మీద పది అక్షరాలుంటే ఒక్కోదానికి 8. అదే 1080పి అయితే 4. ఆ నాలుగు పిక్సెళ్లలో 8కీ బీకీ తేడా కనిపించదు. కోణం మితంగా ఉన్న లెన్స్ అయితే అక్షరానికి ఇంకొన్ని పిక్సెళ్లు దొరుకుతాయి. కూడళ్లలో పక్కనుంచి వచ్చే బండ్లు కూడా పడాలి కాబట్టి మరీ సన్నటి కోణమూ వద్దు. అడ్డంగా 120 దగ్గర్లో ఉంటే రెండు పనులూ జరుగుతాయి.

రాత్రిరూట్

లెన్స్‌మూత గారూ, మీ లెక్క ఆగి ఉన్న ప్లేటుకు సరిపోతుంది. రాత్రి కదిలే బండి మీద అది నిలవదండి. నేను ఎక్కువగా నడిపేది చీకటి పడ్డాకే, రకరకాల కెమెరాల ఫుటేజీ చూశాను. ఎదురుగా వచ్చే బండి ప్లేటును రాత్రి హైవే మీద చదవగలిగిన డాష్‌క్యామ్ నాకింతవరకు కనిపించలేదు. కొత్తస్టీరింగ్ గారు ఎక్కువ డబ్బు పెట్టేముందు ఇది తెలుసుకుంటే మంచిది.

అందుకే నేను పాటించే పద్ధతి ఒకటుంది, దీనికి ఖర్చేమీ లేదు. ఏదైనా జరిగిన వెంటనే ఎదుటి బండి నంబరు, రంగు, మోడల్ గట్టిగా పైకి చదవండి. కెమెరా మైకు రికార్డు చేస్తుంది. బొమ్మలో ప్లేటు మసగ్గా ఉన్నా మీ గొంతులో నంబరు ఉంటుంది.

లెన్స్‌మూత

రాత్రిరూట్ గారు చెప్పింది నిజం, కారణం కూడా చెబుతాను. చీకట్లో సెన్సర్‌కి వెలుతురు చాలక కెమెరా షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, సెకనులో 30వ వంతు దాకా. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. అంటే ఒక్క ఫ్రేము తీసేలోపే బండి 55 సెంటీమీటర్లు జరిగిపోతుంది. ఎదురెదురుగా వస్తున్న రెండు బండ్ల మధ్య ఇది మీటరు దాటుతుంది. ఎన్ని పిక్సెళ్లున్నా ఆ మసకను సరిచేయలేవు.

అయినా మంచి సెన్సర్ దండగ కాదు. మీ ముందు దాదాపు మీ వేగంతోనే వెళ్తున్న బండి ప్లేటు రాత్రి కూడా చదవగలుగుతారు, ఎందుకంటే మీ రెండింటి మధ్య కదలిక తక్కువ. అక్కడ ఇబ్బంది వేరు. మన హెడ్‌లైట్ వెలుగు ప్లేటు మీద పడి తిరిగొచ్చి అక్షరాలు తెల్లగా మాసిపోతాయి. హెచ్‌డీఆర్ (మరీ వెలుగు, మరీ చీకటి ఉన్న భాగాలు రెండూ కనిపించేలా చేసే పద్ధతి) సరిగ్గా పనిచేసే కెమెరాలో ఈ ఇబ్బంది బాగా తగ్గుతుంది. కాబట్టి రివ్యూలు చూసేటప్పుడు పగటి వీడియోలు చూసి మురిసిపోకండి. రాత్రి, వీధి దీపాలు లేని రోడ్డు మీద, ముందు బండి ప్లేటు ఎలా కనిపిస్తోందో చూడండి. వీలైతే ఒరిజినల్ ఫైలు దించుకుని చూడండి, వీడియో సైట్లు కుదించి చూపిస్తాయి.

ఎల్‌ఈడీ సిగ్నల్ లైట్ల గురించి కూడా ఒక మాట. కొన్నిచోట్ల అవి కరెంటు పౌనఃపున్యంతో పాటు వెలిగి ఆరుతుంటాయి. కంటికి తెలియదు. కెమెరా ఫ్రేము వేగం వాటితో కలిసిపోతే సిగ్నల్ కొన్ని సెకన్ల పాటు పూర్తిగా ఆరిపోయినట్టు రికార్డవుతుంది. కొన్ని కెమెరాల్లో సెకనుకు 27.5 ఫ్రేములు అనే వింత అంకె కనిపించేది అందుకే. ఎరుపు పడిందా ఆకుపచ్చ పడిందా అనే వాదన వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

వెనకసీటు

మైకు గురించి రాత్రిరూట్ గారితో నాకు పేచీ ఉందండి. మా కారులో పిల్లలు, పెద్దవాళ్లు ఉంటారు. ఇంటి విషయాలు, డబ్బు విషయాలు, ఫోన్లో డాక్టరుతో మాట్లాడేవి, అన్నీ కారులోనే నడుస్తాయి. అదంతా కార్డులో చేరుతుంది. రేపు ఏదో చిన్న గొడవకి ఆ ఫైలు ఎవరికో ఇవ్వాల్సి వస్తే ఆ మాటలు కూడా వెళ్లిపోతాయి కదా. నేను మైకు ఆపేసే వాడుతున్నాను. కారు లోపలి భాగాన్ని తీసే కెమెరా కూడా వద్దన్నాను. ట్యాక్సీ నడిపేవాళ్లకు అది అవసరం, ఇంటి కారుకు నాకైతే అనవసరం అనిపిస్తుంది. కారులో ఎక్కినవాళ్లకు రికార్డు అవుతోందని చెప్పడం కనీస మర్యాద అని కూడా అనుకుంటాను.

రాత్రిరూట్

వెనకసీటు గారూ, మీ బాధ అర్థమైంది. నేను ఎక్కువగా ఒంటరిగా నడుపుతాను కాబట్టి ఆ కోణం నా ఆలోచనలోకి రాలేదు. చాలా కెమెరాల్లో మైకును ఒక్క బటన్‌తో ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు. మెనూలోకి వెళ్లి వెతుక్కోనక్కర్లేకుండా బయటే బటన్ ఉన్నది చూసుకోండి. మామూలుగా ఆపి ఉంచి, అవసరం పడ్డప్పుడు ఒక్క నొక్కుతో తెరవచ్చు.

క్లెయిమ్‌ఫైల్

నేను బీమా క్లెయిములు పరిశీలించే పనిలో ఉన్నాను. ఇలాంటి వీడియోలు నా ముందుకు చాలా వస్తాయి. ఏవి పనికొస్తాయో, ఏవి రావో ఈ వైపు నుంచి చెబుతాను.

మొదటిది, వెనక కెమెరా. ముందు కెమెరా ఒక్కటే ఉన్న కారును వెనక నుంచి ఎవరైనా గుద్దితే వీడియోలో కనిపించేది ఒక కుదుపు, తర్వాత ముందున్న రోడ్డు. గుద్దినవాడు ఎంత వేగంతో వచ్చాడు, లైన్ ఎప్పుడు మారాడు, ఏమీ తెలియదు. "మీరే రివర్స్‌లో వచ్చి తగిలారు" అనే వాదన వస్తే ముందు కెమెరా కొంత సాయపడుతుంది, కారు కదలిక తెలుస్తుంది కాబట్టి. అంతకుమించి ఏమీ ఉండదు. ముందు 4కె ఒక్కటే కొనడమా, ముందు 1440పి వెనక 1080పి ఉన్న జత కొనడమా అంటే నేను జతే కొనమంటాను.

రెండోది, తేదీ, సమయం. వీడియో మీద ఉన్న గంటకూ ఫిర్యాదులో రాసిన గంటకూ పొంతన లేకపోతే అవతలివాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. జీపీఎస్ ఉన్న కెమెరా ఉపగ్రహాల నుంచి సమయం తనే సరిచేసుకుంటుంది. టైమ్ జోన్ ఒక్కటి మీరు సరిగ్గా పెట్టాలి. జీపీఎస్ వేగం కూడా రాస్తుంది. అది మీకు అనుకూలంగానూ ఉండొచ్చు, వ్యతిరేకంగానూ ఉండొచ్చు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు జీపీఎస్ వేగం కాస్త ఆలస్యంగా తగ్గుతుంది, అంటే ఆ క్షణంలో అసలు వేగం కన్నా ఎక్కువ చూపిస్తుంది, చూసేవాళ్లకు ఆ సంగతి చెప్పాల్సి వస్తుంది. నా సలహా మాత్రం వేగం ముద్ర ఉండనివ్వమనే.

మూడోది చాలా ముఖ్యం. సంఘటన జరిగిన వెంటనే లాక్ బటన్ నొక్కండి, లేకపోతే లూప్ రికార్డింగ్‌లో కొత్త ఫైళ్లు వచ్చి పాతవాటిని తుడిచేస్తాయి. ఇంటికెళ్లాక కార్డు నుంచి ఒరిజినల్ ఫైలును అలాగే కాపీ చేసి రెండు చోట్ల పెట్టుకోండి. కత్తిరించకండి, పాట కలపకండి, మెసేజింగ్ యాప్‌లో వీడియోగా పంపి అదే మిగిలిందని చెప్పకండి. యాప్‌లు కుదించేస్తాయి, ప్లేటు వివరం అక్కడే పోతుంది. సంఘటనకు ముందున్న ఫైలు, తర్వాతి ఫైలు కూడా దాచండి. గుద్దిన ఆ రెండు సెకన్ల కన్నా దానికి ముందు నిమిషంలో ఎవరు ఎలా నడిపారన్నది చాలాసార్లు విషయాన్ని తేలుస్తుంది.

వెనకసీటు గారు లేవనెత్తిన గోప్యత మాటకు చట్టంలోనూ స్థానం ఉంది. జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2018 మేలో ఒక తీర్పిచ్చింది. కారణం లేకుండా రోడ్డునంతా ఆగకుండా రికార్డు చేయడం డేటా రక్షణ చట్టానికి విరుద్ధమే, అయినా యాక్సిడెంట్ కేసులో ఆ వీడియోను సాక్ష్యంగా తీసుకోవచ్చు అని. చిన్న చిన్న ముక్కలుగా రికార్డు చేసి తుడిచేస్తూ, గుద్దినప్పుడు మాత్రమే దాచే పద్ధతి సాధ్యమే కదా అని కూడా అదే తీర్పులో గుర్తుచేసింది. దేశానికో నియమం ఉంది. కెమెరా అద్దం మీద ఎక్కడ అతికించాలి, వీడియో ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా, మైకు సంగతేమిటి, ఇవి మీరు నడిపే చోటి నియమాల ప్రకారం చూసుకోండి. ఇతరుల ముఖాలు, ప్లేట్లు ఉన్న వీడియోను సరదాకి సోషల్ మీడియాలో పెట్టడం ఎక్కడైనా తగదు.

ఫ్యూజుబాక్స్

కార్ల ఎలక్ట్రికల్ పని నాది. పార్కింగ్ మోడ్ గురించి అడిగారు కదా, అంకెలతో చెబితేనే భయం పోతుంది.

రెండు కెమెరాలు కలిసి దాదాపు 5 వాట్లు లాగుతాయనుకుందాం. 12 వోల్టుల దగ్గర అది 0.4 ఆంపియర్ల పైచిలుకు. రాత్రి పది గంటలు నడిస్తే 4 ఆంపియర్ అవర్ల చిల్లర. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఇది పదో వంతు. రోజూ కారు తీసి కాస్త దూరం నడిపేవాళ్లకు ఇబ్బంది ఉండదు. కారును మూడు రోజులు కదపకుండా వదిలేస్తే మాత్రం 30 ఆంపియర్ అవర్లకు చేరుతుంది, అంటే మూడింట రెండు వంతులు ఖాళీ. స్టార్టింగ్ కోసం చేసిన లెడ్ బ్యాటరీ అంత లోతుగా దిగడాన్ని తట్టుకోలేదు, నాలుగైదుసార్లు అలా జరిగితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. కాబట్టి మీకు చెప్పిన ఇద్దరూ వాళ్ల వాళ్ల వాడకాన్ని బట్టి నిజమే చెప్పారు.

కెమెరాను నేరుగా కారు ఫ్యూజు బాక్సుకు కలిపే హార్డ్‌వైర్ కిట్ కొనేటప్పుడు తక్కువ వోల్టేజీ దగ్గర తనంతట తాను ఆపేసే ఏర్పాటు ఉందో లేదో చూడండి, ఆ అంకెను మార్చుకునే వీలు కూడా ఉండాలి. నిండుగా ఛార్జయిన బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది. 12.2 అంటే సుమారు సగం. నేను 12.2 దగ్గరే పెడతాను, పాత బ్యాటరీ అయితే 12.4. కొన్ని కిట్లు 11.8 దాకా దిగనిస్తాయి, అది చాలా తక్కువ. రాత్రంతా కాపలా తప్పనిసరి అనుకునేవాళ్లు డాష్‌క్యామ్ కోసం విడిగా వచ్చే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ప్యాక్ పెట్టించుకోవచ్చు. కారు నడుస్తున్నప్పుడు అది ఛార్జవుతుంది, కారు బ్యాటరీని ముట్టుకోదు. ఖర్చు ఎక్కువే.

పార్కింగ్ మోడ్ అని అందరూ ఒకే పేరు పెడతారు గానీ లోపల రకాలున్నాయి. తగిలాక మేల్కొని రికార్డు చేసేది ఒకటి. మేల్కొనేలోపు తగిలినవాడు వెళ్లిపోయి ఉంటాడు. ఎప్పుడూ చూస్తూ, కదలిక కనిపిస్తే అంతకుముందు కొన్ని సెకన్లను కూడా కలిపి దాచేది ఇంకొకటి, దీన్నే బఫర్డ్ అంటారు. మీకు నిజంగా కావాల్సింది ఇది. పెట్టె మీద "పార్కింగ్ మోడ్" అని ఉంటే సరిపోదు, బఫర్డ్ అవునా కాదా అడగండి. మూడో రకం టైమ్‌లాప్స్, సెకనుకు ఒకటో రెండో ఫ్రేములు తీస్తుంది. చోటు మిగులుతుంది, కీలకమైన ఫ్రేము పోవచ్చు.

కొత్తస్టీరింగ్ గారూ, మీ కారు మధ్యాహ్నం ఎండలో ఉంటుంది కాబట్టి ఇంకో మాట. ఆ వేడిలో కెమెరా నడుస్తూ ఉంటే తన వేడి కూడా కలుస్తుంది. కొన్ని తమంతట తాము ఆగిపోతాయి, కొన్ని అలాగే నడిచి త్వరగా పాడవుతాయి. పగలు ఎండలో పార్కింగ్ మోడ్ ఆపేసి, రాత్రికి మాత్రం పెట్టుకోండి.

వైరింగ్‌లో ఒక్క విషయంలో రాజీ పడొద్దు. అద్దం పక్కన ఉండే పిల్లర్ లోపల చాలా కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. వైరును దాని ముందు నుంచి లాగితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు అడ్డొస్తుంది, వైరో పిల్లర్ మీది ప్లాస్టిక్ ట్రిమ్మో ఎగిరి ముఖానికి తగలొచ్చు. వైరు ఎయిర్‌బ్యాగ్ వెనకనుంచే వెళ్లాలి, లోపలున్న ఫ్యాక్టరీ వైర్లతో కలిపి కట్టాలి. కరెంటు తీసుకోవడానికి వైరు కోయకుండా, ఫ్యూజు చోట గుచ్చి కరెంటు తీసుకునే ఫ్యూజ్ ట్యాప్ వాడాలి. ఎయిర్‌బ్యాగ్, బ్రేకు, ఇంజన్ ఫ్యూజుల జోలికి వెళ్లకూడదు. చేసే మనిషి ఈ మూడు మాటలకు సరిగ్గా జవాబు చెప్పకపోతే కారు తాళం ఇవ్వకండి.

పాతగేరు

స్క్రీను ఉన్నదా లేనిదా అని అడుగుతారు చాలామంది. నా ఓటు చిన్నదానికి. అద్దం వెనక దాక్కునే కెమెరా దారికి అడ్డు రాదు, బయటివాళ్ల కంటపడదు. గార్మిన్ మినీ లాంటివి స్క్రీనే లేకుండా వస్తాయి, అంతా ఫోన్‌లో చూసుకోవాలి. ఫోన్‌లోకి ఫైళ్లు దించుకోవాలంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉండాలి, లేకపోతే ఒక్క 4కె ఫైలుకే చాలాసేపు కూర్చోవాలి. రియర్ వ్యూ మిర్రర్ మీద తగిలించే పెద్ద రకాలు నాకు నచ్చవు, ఎండలో మెరుస్తాయి, వెనక లైట్ల కాంతి తగ్గించే అసలు మిర్రర్ గుణం పోతుంది.

అద్దానికి కారు కంపెనీ పెట్టిన కెమెరా, వాన సెన్సర్ ఉంటే వాటి ముందు ఏదీ అతికించకండి. కారు తనంతట తాను బ్రేకు వేసే వ్యవస్థ ఆ కెమెరాతోనే చూస్తుంది. పట్టుకు సక్షన్ కప్పు కన్నా రెండువైపులా అంటుకునే టేపు మేలు, ఎండకి కప్పులు జారిపోతాయి.

ఇంజన్ స్టార్ట్ చేయగానే రికార్డింగ్ దానంతటదే మొదలవ్వాలి, మీరు బటన్ నొక్కాల్సిన పని ఉండకూడదు. 2013 ఫిబ్రవరిలో రష్యాలో చెల్యాబిన్స్క్ మీద ఉల్క పేలినప్పుడు ప్రపంచమంతా చూసిన వీడియోల్లో చాలావరకు డాష్‌క్యామ్‌లు తీసినవే. వాటిని తీద్దామని ఎవరూ అనుకోలేదు, కెమెరాలు వాటి పాటికి అవి నడుస్తున్నాయి. మనకు జరిగేవి కూడా అలా చెప్పకుండా వచ్చేవే.

కొత్తస్టీరింగ్

ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ముందు, వెనక జత తీసుకుందామని నిర్ణయించాను. కెపాసిటర్ ఉన్నది, ముందు స్టార్విస్ 2 సెన్సర్, జీపీఎస్, బఫర్డ్ పార్కింగ్. మెమరీ కార్డు సంగతి ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లో వాడిన 64 జీబీ కార్డు ఒకటి ఖాళీగా ఉంది, దాన్నే వేయనా?

సోల్డర్‌గన్

వేయకండి. డాష్‌క్యామ్ పాడైందని తెచ్చేవాటిలో చాలావాటికి అసలు జబ్బు కార్డే.

ఫోన్‌లో కార్డు మీద అప్పుడప్పుడు రాస్తాం, ఎక్కువగా చదువుతాం. డాష్‌క్యామ్ కారు నడిచినంతసేపూ రాస్తూనే ఉంటుంది. ముందు కెమెరా సెకనుకు 30 మెగాబిట్లు, వెనకది 15 అనుకుంటే గంటకు 20 జీబీ. 64 జీబీ కార్డు మూడు గంటలకే నిండి మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలవుతుంది. ఫ్లాష్ మెమరీలో ప్రతి గడినీ ఇన్నిసార్లే తుడిచి రాయగలం. మామూలు కార్డు ఆ హద్దుకు త్వరగా చేరుకుంటుంది. అది చెడిపోయినా కెమెరా మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉండొచ్చు, ఫైళ్లు మాత్రం ఉండవు.

"హై ఎండ్యూరెన్స్" అని ప్రత్యేకంగా రాసి ఉన్న కార్డు తీసుకోండి. శాన్‌డిస్క్, శాంసంగ్ రెండింటిలోనూ ఉన్నాయి. కార్డు మీద యూ3 లేదా వీ30 గుర్తు ఉండాలి, అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు ఆగకుండా రాయగలదని. సైజు 128 జీబీకి తగ్గొద్దు, మీ కెమెరా ఒప్పుకుంటే 256 ఇంకా మంచిది. పెద్ద కార్డులో అంతే డేటా ఎక్కువ గడుల మీద పడుతుంది కాబట్టి ఒక్కో గడి మీద అరుగుదల తగ్గుతుంది. ఎక్కువ గంటల రికార్డింగ్ మిగలడం అదనం.

నకిలీ కార్డులు చాలా ఉన్నాయి, కొన్న రోజే కంప్యూటర్లో పెట్టి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో పూర్తిగా రాయించి చదివించండి. 128 అని రాసి లోపల 16 ఉన్నవి అక్కడే దొరికిపోతాయి. తర్వాత కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. నెలకోసారి ఏదో ఒక ఫైలు తెరిచి చూడటం అలవాటు చేసుకోండి, ముందుదీ వెనకదీ రెండూ.

కుదుపును పట్టి ఫైలును లాక్ చేసే జీ-సెన్సర్ సున్నితత్వం తక్కువకు పెట్టండి. ఎక్కువ పెడితే ప్రతి గుంతకూ ఒక ఫైలు లాకవుతుంది. లాకైనవి తుడవదు కాబట్టి కార్డులో చోటు తగ్గిపోతుంది. కొన్ని కెమెరాలు చోటు చాలక రికార్డింగే ఆపేస్తాయి.

వెనకసీటు

సోల్డర్‌గన్ గారూ, నెలకోసారి ఫైలు చూడమన్నది నాకు చాలా ఉపయోగపడే మాట. ఫార్మాట్ కూడా అప్పుడే చేయాలా?

సోల్డర్‌గన్

అవునండి, కావాల్సిన ఫైళ్లు కాపీ చేసుకున్నాక అప్పుడే చేసేయండి. ఫైల్ సిస్టమ్‌లో పేరుకుపోయిన చిన్న చిన్న లోపాలు పోతాయి. ఫార్మాట్ చేసినా మళ్లీ మళ్లీ "కార్డ్ ఎర్రర్" వస్తుంటే కార్డు మార్చేయండి, ఇంకొన్నాళ్లు చూద్దాం అనుకోవద్దు.

కొత్తస్టీరింగ్

అలాగే చేస్తాను. ఆఖరి ప్రశ్న ఫ్యూజుబాక్స్ గారికి. నాది హ్యాచ్‌బ్యాక్. వెనక కెమెరా అద్దం మీద పెట్టాలంటే వైరు డిక్కీ తలుపులోకి వెళ్లాలి కదా, తలుపు తెరిచినప్పుడల్లా వైరు లాగుకుపోదా? వెనక అద్దం మీద వేడి గీతలు కూడా ఉన్నాయి.

ఫ్యూజుబాక్స్

డిక్కీ తలుపుకూ పైకప్పుకూ మధ్య రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది, లైట్ల వైర్లు వెళ్లేది దాంట్లోనే. మన వైరు కూడా దాని లోపలినుంచే తీసుకెళ్లాలి. కొందరు సులువని రబ్బరు బీడింగ్ పక్కనుంచి బయటికి లాగి వదిలేస్తారు. తలుపు మూసినప్పుడల్లా నలిగి కొన్నాళ్లకు లోపల తెగుతుంది, వాన నీరూ దిగుతుంది. గొట్టంలోంచి తీయడానికి ఓపిక కావాలి, కాస్త సిలికాన్ స్ప్రే కొడితే జారుతుంది. పూర్తిగా తెరిచినప్పుడు వైరు బిగుసుకోకుండా రెండు వేళ్ల వదులు ఉంచమనండి.

వేడి గీతల మీద టేపు అతికించొద్దు, తర్వాత తీసేటప్పుడు గీత ఊడొస్తుంది. రెండు గీతల మధ్యలోనో, అన్నిటికన్నా పై గీతకు పైనో చోటు చూడండి. వైపర్ తుడిచే భాగంలో ఉండాలి, లేకపోతే వానలో వెనకది ఉండీ లేనట్టే. అతికించేముందు అద్దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. అతికించాక ఒక రోజు ఆగి, వైరు బరువు దాని మీద పడకుండా క్లిప్పులు వేయించండి. అద్దానికి నల్ల ఫిల్మ్ ఉంటే ముందే చెప్పండి, అప్పుడు రాత్రి ఫుటేజీ ఒకసారి చూసుకుని చోటు ఖాయం చేద్దాం.